బంగారం షాపులో కెమిస్ట్రీ

అమ్మ పాత గాజులు మార్చడానికి నిన్న బంగారం షాపుకి వెళ్లాం. వాళ్లు గాజుని గీయకుండా, కరిగించకుండా ఒక చిన్న మెషీన్‌లో పెట్టారు. కాసేపటికి స్క్రీన్ మీద బంగారం, రాగి, వెండి, కొంచెం జింక్, దేని శాతం దానికే వచ్చేసింది. అమ్మ మొదటి అంకె చూసి తరుగు గురించి బేరం మొదలుపెట్టింది. నేను మిగతా అంకెలు చూస్తూ ఉండిపోయాను.

ఆ మెషీన్ ఎక్స్‌రేలు పంపిస్తుంది. అవి తగిలిన పరమాణువులు బదులుగా ఎక్స్‌రేలు వదులుతాయి. 79 ప్రోటాన్లున్న బంగారం వదిలే వాటి శక్తి వేరు, 29 ఉన్న రాగిది వేరు. మూలకాన్ని అలా గుర్తుపడుతుంది.

916 అంటే వెయ్యి పాళ్లలో 916 బంగారం, అదే 22 క్యారెట్. 18 క్యారెట్ అయితే 750. మేలిమి బంగారం మరీ మెత్తన కాబట్టి రాగి, వెండి కలుపుతారు. పాళ్లు ఇలా కావలసినట్టు మార్చుకోవచ్చు కాబట్టే నగ మిశ్రమం. నీళ్ల దగ్గర ఈ బేరాలు కుదరవు. బరువులో 1 పాలు హైడ్రోజన్‌కి 8 పాళ్లు ఆక్సిజన్, అంతే. అది సమ్మేళనం.

బంగారం సమ్మేళనంగా మారడం మాత్రం చాలా కష్టం. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి గానీ నైట్రిక్ ఆమ్లానికి గానీ విడిగా లొంగదు. రెండూ 3:1 పాళ్లలో కలిపిన ఆక్వా రీజియాలో వేస్తే కరిగి, క్లోరిన్‌తో కలిసి పసుపు రంగు ద్రావణం అవుతుంది. అందులో తగిన రసాయనం వేస్తే బంగారం మళ్లీ గోధుమరంగు పొడిలా అడుక్కి దిగుతుంది. ఆ పొడిని చూసి బంగారం అంటే అమ్మ అస్సలు నమ్మదు.