అటక మీది బూట్లు

రాత్రి పదకొండు దాటింది, నాకింకా కోపం తగ్గలేదు. ఆ కోపం బూట్ల మీదా, వాటిని అటకెక్కించిన మనిషి మీదా అన్నది తేలక రాయడానికి కూర్చున్నా.

సాయంత్రం ఈయన తమంతట తామే, "ఆదివారం ట్రెక్కింగ్‌కి పోయే వాళ్ళతో పాటు నేనూ తలకోన జలపాతానికి పోతా" అన్నారు. ఈయన మోకాలి సంగతి తెలిసిన వాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో నేను చెప్పక్కర్లేదు. ఎక్కువ సంబరపడితే మనసు మార్చుకుంటారేమోనని మారుమాట్లాడకుండా స్టూలేసుకుని కేదార్‌నాథ్ బూట్లు దించాను. గౌరీకుండ్ నుంచి పైకి 16 కిలోమీటర్లు, మళ్ళీ కిందికి అంతే, దారి పొడుగునా వాన, బురద, కంచర గాడిదల పేడ, ఆ బూట్లకి ఏమీ కాలేదు. అలాంటివి తొడుక్కుని గేటు దాకా వెళ్ళేలోపే కుడికాలి సోల్ ఊడిపోయింది. ఊడడం కూడా కాదు, పాత మురుకు నలిపినట్టు పొడి పొడి అయింది, వరండా నిండా నల్లటి ముక్కలు. ఈయన వాటి వంక కాసేపు చూసి, "సరేలే, వాళ్ళనే పోయి రమ్మందాం" అని లోపలికి వచ్చేశారు. అక్కడ మండింది నాకు.

ఆ మంటలోనే మిగతా కవర్లన్నీ దించాను. ప్రతి జతా ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు మళ్ళీ ఇంకో కవర్లో, మూతి దగ్గర విప్పరానంత గట్టి ముడి. కత్తెర పెట్టి కోయాల్సి వచ్చింది. పెళ్ళిళ్ళకి వేసుకునే నల్ల తోలు బూట్లు తీస్తే పైనంతా తెల్లగా బూజు, లోపల అట్ట మీద కూడా మచ్చలు. ఆ వాసన ఇంకా చేతులకి ఉంది. తోలు అంటే చర్మమే కదా, అందులో కొవ్వు ఉంటుంది, దానికి తోడు చెమట, గాలిలో తేమ 70 శాతం దాటితే బూజుకి ఇంకేం కావాలి? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తిరుపతిలో తేమకి ఏం తక్కువ? పెళ్ళి నుంచి వచ్చిన రాత్రే, కాళ్ళ చెమట ఆరకముందే కవర్లో వేసి ముడేస్తే ఆ తడి ఎటు పోతుంది? లోపల కలరా ఉండలు కూడా వేసి పెట్టారు. అవి పురుగుల కోసం, బూజుకి వాటితో పని లేదు. కొన్నప్పుడు పెట్టెలో వచ్చిన చిన్న సిలికా జెల్ పొట్లం కూడా అలాగే ఉంది. అది పీల్చగలిగినంత తేమ ఎప్పుడో పీల్చేసి ఉంటుంది, అదేదో కాపలా కాస్తోందని మనం అనుకోవడమే.

నిజానికి మన ఊళ్ళో బూట్లకి పెద్ద పనే లేదు. ఏడాదంతా చెప్పులే. అలిపిరి దగ్గరికి పోతే ఆ చెప్పులు కూడా విడిచి 3550 మెట్లు వట్టి కాళ్ళతోనే ఎక్కుతాం. అదే అలిపిరిలో పాదాల మండపంలో స్వామి పాదుకల్ని నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తాం. పాదరక్షల్ని అంత గౌరవంగా చూసే ఊళ్ళో ఉంటూ, మా ఇంట్లో వాటిని ఇలా మూటగట్టి పైకి విసరడం నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పాలంటే నాయన గురించి చెప్పాలి.

చిత్తూరులో నాయనకి ఒకే ఒక జత తోలు బూట్లు ఉండేవి, గోధుమ రంగువి. అంబూరులో ఎవరి పెళ్ళికో పోయినప్పుడు కొన్నారు. అవి చలికాలం జత. దీపావళికి తీస్తే శివరాత్రి దాకా ఆఫీసుకి అవే. ఆ తర్వాత ఎండలకి మామూలు చెప్పులు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మా ఇంట్లో చలితో పాటు ఆ బూట్లు కూడా పోయేవి. పోవడం అంటే ఒక రోజు పని కాదు. ముందు లేసులు తీసి అమ్మకి ఉతకడానికి ఇచ్చేవారు. పాత టూత్ బ్రష్‌తో సోల్‌కీ తోలుకీ మధ్య కుట్ల సందులో ఇరుక్కున్న మట్టి తీసేవారు, ఆ పనిలో ఉన్నప్పుడు ఎవరు పిలిచినా పలకరు. నీళ్ళలో ముంచేవారు కాదు, బాగా పిండిన గుడ్డతో తుడిచి వసారాలో నీడన పెట్టేవారు. నేను ఒకసారి తొందరగా ఆరతాయని మిద్దె మీద ఎండలో పెట్టబోతే చేతిలోంచి తీసుకుని, "ఎండకి తోలు బిగుసుకుని పగుల్తాది పాపా, గాలికే ఆరాల" అన్నారు. బాగా ఆరాక పాలిష్ పల్చగా పట్టించేవారు. పాత పేపర్లు ఉండలు చుట్టి వేళ్ళ దగ్గర నుంచి మడమ దాకా కూరడం నా పని, మరీ బిగించి కూరితే బూటు సాగుతుందని వేలు పెట్టి నొక్కి చూసేవారు. పేపరు రెండు పనులు చేస్తుంది, ఆకారం నిలబెడుతుంది, లోపలి తడి పీలుస్తుంది. ఆపైన పాత పంచె ముక్కలో ఒక్కో బూటునీ విడిగా చుట్టి, పక్కలకి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టి బీరువా మీద. నేల మీద ఎప్పుడూ పెట్టలేదు, నేలకి చెమ్మ ఉంటుంది. ఆడికృత్తికకి ఇంట్లో అందరూ తిరుత్తణి ప్రయాణం హడావుడిలో ఉంటే నాయన ఆ పెట్టె దించి, ఒక పూట గాలికి పెట్టి, పేపర్లు మార్చి మళ్ళీ పైన పెట్టేవారు. దీపావళి పొద్దున అవి వేసుకుని వీధిలోకి వస్తే కొత్తవా అని అడిగేవాళ్ళు. నా పెళ్ళిలో కూడా అవే.

అది చూసి పెరిగినదానికి ఈ ముడేసిన కవర్లు చూస్తే ఒళ్ళు మండదా మరి.

ఇందాక మా తమ్ముడికి ఫోన్ చేశా. వాడు ఉన్నది అంబూరులో బూట్ల కంపెనీలోనే కదా. కోపంగా మొత్తం చెప్పి, నువ్వే మీ బావకి చెప్పరా అన్నాను. వాడు చెప్పింది వేరు. ట్రెక్కింగ్ బూట్లలో చాలా వాటికి పాదం కింద పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ ఉంటుందట, మెత్తగా, తేలిగ్గా ఉంటుందని వేస్తారు. గాలిలోని తేమ దాన్ని లోపల్లోపలే విరగ్గొడుతుంది, వేడి ఉంటే ఇంకా త్వరగా. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది, కాలు పెట్టి నడిచిన రోజు పొడైపోతుంది. "వాడకుండా ఉంచితే ఇంకా తొందరగా పోతాయక్కా, నడుస్తా ఉంటే సోల్ నలిగి తేమ బయటికి పోతాది. నాయన కట్టినట్టు కట్టినా ఇంకొన్నాళ్ళు ఆగేవేమో గానీ చివరికి ఇదే" అన్నాడు. ఫోమ్ లాంటి ఈవీఏ సోల్‌కీ, రబ్బరు సోల్‌కీ ఈ జబ్బు రాదట. నాయన బూట్లది రబ్బరు సోల్, దాన్ని కుట్టారు. అందుకే ఆయన చూసుకున్న కొద్దీ అవి బతికాయి.

ఫోన్ పెట్టేశాక ఇంకొకటి గుర్తొచ్చింది. ఈయనకి ఈ కవర్ల పిచ్చి ముందు లేదు. 2021 నవంబరు వానల్లో ఊరంతా మునిగినప్పుడు మా వీధి నీళ్ళు లోపలికి వచ్చాయి. తలుపు పక్కనున్న చెప్పుల స్టాండు నీళ్ళలోనే, పాప స్కూలు బూట్లు వంటింట్లో తేలుతూ కనిపించాయి. ఆ రాత్రంతా ఈయన ఒక్కరే సామాన్లు మంచం మీదికీ అటక మీదికీ ఎక్కించారు. ఆ తర్వాతే ప్రతిదానికీ రెండు కవర్లు, గట్టి ముడి. నీళ్ళు మళ్ళీ వస్తాయని ఈయన భయం. ఆ భయం మీద నేనేం అరవను? కాబట్టి సోల్ విషయంలో కోపం వదిలేశా. తోలు బూట్ల విషయంలో మాత్రం వదలను, చెమట తడితో ముడెయ్యమని ఏ వరదా చెప్పలేదు.

అసలు అటకే తప్పేమో. దాని పైన ఉన్నది కాంక్రీటు కప్పు, ఏప్రిల్, మే నెలల్లో అక్కడ చెయ్యి పెట్టలేం, అక్టోబరు వచ్చిందంటే చెమ్మ. జిగురు సాగడానికి ఒకటి, బూజు పట్టడానికి ఇంకొకటి. పడకగదిలో బీరువా మీద జాగా చేస్తా. ఆ ఎత్తు ఈయన భయానికీ సరిపోతుంది.

నల్ల బూట్లని గేటు బయట పెట్టా. పొద్దున అక్కడే పొడి బ్రష్‌తో బూజు దులుపుతా, ఇంట్లో దులిపితే అది మిగతా వాటికి అంటుకుంటుంది. వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి ముందు లోపలి అంచు మీద తుడిచి చూడాలి, రంగు పోకపోతే మొత్తం. తర్వాత నీడన ఆరబెట్టి పాలిష్. కొబ్బరినూనె పూస్తే చాలని అత్తమ్మ అంటున్నారు, నేను ఒప్పుకోలేదు, తోలు నల్లబడి జిడ్డు వాసన వేస్తుంది.

ట్రెక్కింగ్ బూట్లకి సోల్ మార్చడం మన బస్టాండు దగ్గరి వాళ్ళ వల్ల కాదని తమ్ముడు ముందే చెప్పాడు. రేపు కొత్తవి కొనాలి. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం వేసి ఉంటుంది, అది చూడకుండా ఈయన్ని డబ్బు ఇవ్వనివ్వను, డిస్కౌంట్ అని అంటగట్టేవి ఆ కొట్టులోనే ఏళ్ళు గడిపినవి అయ్యుండొచ్చు. సోల్ రబ్బరో ఈవీఏనో తమ్ముడికి ఫోటో పంపి అడుగుతా. కొత్త చెప్పు కరుస్తుంది కాబట్టి ఆదివారం లోపు రోజూ సాయంత్రం ఈయన వాటితో వీధి చివరి దాకా నడవాలి. వాళ్ళకి తను రానని ఇంకా ఫోన్ చెయ్యలేదట, పడుకునే ముందు అడిగి తెలుసుకున్నా.