ఒక్కసారైనా పొలమారదేం?

విశాఖలో ఉన్న మా అమ్మ మా మీద బెంగగా ఉందని ఎప్పుడూ నోరు తెరిచి చెప్పదు. "పొద్దస్తమానం మిమ్మల్నే తలుచుకుంటున్నాను, మీకు ఒక్కసారైనా పొలమారదేం?" అని ఫోనులో నిలదీస్తుంది. డల్లాస్‌లో పుట్టి పెరిగిన మా వాడు దాన్ని అచ్చంగా ప్రశ్నే అనుకుని, "లేదు అమ్మమ్మా, నేను నెమ్మదిగానే తింటున్నాను" అంటాడు. పిల్లవాడు తింటున్నాడన్న మాట వినగానే ఆవిడ నిష్ఠూరం సగం తీరిపోతుంది.

వేసవి సెలవుల్లో ఎంవీపీ కాలనీలోని ఇంటికి వెళ్తే అసలు పంచాయితీ మొదలవుతుంది. అన్నంలో చారు కలుపుకుని నవ్వుతూ తింటున్న వాడికి పొలమారింది. అమ్మ మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారురా, పేర్లు చెప్పు, తగిలిన పేరుకి ఆగిపోతుంది" అంది. దగ్గు కాస్త నెమ్మదించాక వాడు గోడ గడియారం చూశాడు. ఇక్కడ మధ్యాహ్నం 1 గంట అయితే అక్కడ తెల్లవారుజాము 2:30, స్నేహితులందరూ నిద్రపోతుంటారు కదా అన్నాడు. "నిద్రలో కలవరించకూడదా?" అంది అమ్మ. దానికి వాడి దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు.

ఆ నమ్మకాన్ని నేను సరిదిద్దను. దగ్గు వస్తోందంటే గాలి ఆడుతున్నట్టే. పొరపాటున గాలిగొట్టం వైపు జారిన మెతుకును శరీరమే బయటికి నెడుతోంది. మాడు మీద తట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు, పోయేదీ లేదు. కానీ దగ్గూ మాటా రాక, ముఖం నల్లబడుతుంటే తలుచుకున్నవాళ్ల లెక్క తీయకూడదు. మనిషిని ముందుకు వంచి రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు గట్టిగా వేయాలి. అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన 5 సార్లు లోపలికి, పైకి నొక్కాలి. ఇలా పొట్ట నొక్కడం హైమ్లిక్ అనే అమెరికా వైద్యుడు 1974లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం పొట్ట నొక్కకూడదు, వీపు దెబ్బల తర్వాత రొమ్ము మీద నొక్కాలి. ఇంకెవరైనా అప్పటికే 108కు ఫోను చేస్తుండాలి. ఇదంతా అమ్మకు మా వాడే దిండు మీద చేసి చూపించాడు.

తర్వాత ఆర్కే బీచ్‌లో మా తమ్ముడి మూడేళ్ల కూతురు ముంత మసాలాకు చెయ్యి చాస్తే, అమ్మే పొట్లంలోంచి వేరుశనగ గింజలన్నీ ఏరి తన నోట్లో వేసుకుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు గింజలు పెట్టవద్దని నేను ఎన్నిసార్లు చెప్పినా విననిది, మనవడు చెబితే విన్నది!

ఇక తెగనిది ఒక్కటే. డల్లాస్‌లో రాత్రి భోజనం దగ్గరే మా ఇంటి కబుర్లన్నీ. స్కూలు గొడవలు వాడి నోట వినేది అప్పుడే. అమ్మ ఇంట్లో తినేటప్పుడు మాట్లాడితే కంచం పక్కన వేలితో ఠకఠకమంటుంది. నేను తీర్పు చెప్పాను: కానాగంత చేపల పులుసు ఉన్న రోజు అమ్మ మాట, పప్పుచారు రోజు వాడి మాట. ముల్లున్న కూరకు కబుర్లు పనికిరావు, అందులో అమ్మదే న్యాయం. ఆ వారమంతా మా వాడు పప్పుచారే కావాలన్నాడు.