మధ్యాహ్నం వినబడని రైలు

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి రైలు కూత పక్క వీధిలోంచి వచ్చినంత స్పష్టంగా వినిపించింది. పట్టాలేమో చాలా దూరం. మధ్యాహ్నం రైలు కోసం చెవులు రిక్కించి కూర్చున్నా, ఏమీ వినబడలేదు.

రాత్రిపూట సందడి ఉండదు కాబట్టి దూరపు చప్పుళ్లు వినిపిస్తాయని అందరూ అంటారు. నిజమే, కానీ అది సగమే. మిగతా సగం గాలి చేసే పని, నాకు ఆ సగమే ఎక్కువ ఇష్టం.

వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర 343. డిగ్రీకి దాదాపు 0.6 మీటర్ల తేడా, అంతే. కానీ ఎండపూట నేల కాలిపోయి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలి కంటే వేడిగా ఉంటుంది. శబ్దతరంగం కింది భాగం ముందుకు పరుగెత్తితే పై భాగం వెనకబడుతుంది. దాంతో తరంగం పైకి వంగి మన తలల మీదుగా వెళ్లిపోతుంది. కొంత దూరం దాటాక నేల మీద ఉన్నవాళ్లు శబ్దపు నీడలో ఉన్నట్టే. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి నిలిచిపోతే నేల త్వరగా చల్లబడుతుంది. అప్పుడు పైగాలే వెచ్చన. పైకి పోవలసిన చప్పుడు కిందికి వంగి మళ్లీ నేలకే చేరుతుంది.

గాలి వీచే దిక్కు కూడా ఇలాగే పనిచేస్తుంది. నేల దగ్గర గాలి నెమ్మది, పైన జోరు. అందుకే గాలివాలున ఉన్నవాళ్లకు చప్పుడు కిందికి వంగి వస్తుంది, ఎదురుగాలి వైపు ఉన్నవాళ్లకు పైకి లేచిపోతుంది. తేమ వల్ల గాలి బరువెక్కి శబ్దం మందగిస్తుందని చాలామంది అనుకుంటారు. నీటి ఆవిరి గాలి కంటే తేలిక, కాబట్టి తేమ పెరిగితే వేగం కొద్దిగా పెరుగుతుంది.

సాయంత్రం దూరంగా మెరుపులు మెరిశాయి, ఉరుము లేదు. ఉక్కకు మెరుస్తోందన్నారు ఇంట్లోవాళ్లు. అక్కడా మామూలు ఉరుములే ఉంటాయని చెప్పాను. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి 3 సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. మరీ దూరమైతే పైకి వంగిన ఆ ఉరుము మన దాకా దిగదు.