ఎయిర్ రైఫిల్ కంప్రెసర్: వేడి తగ్గితేనే నీరు చిక్కుతుంది

మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో సాధన చేస్తోంది. ఆ రైఫిల్‌కు గాలి నిల్వ ఉండే సిలిండర్‌ను 200 బార్ల వరకు, అంటే మామూలు వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్ల వరకు, నింపాలి. పంక్చర్ షాపులో ఉండే కంప్రెసర్ పది బార్ల దగ్గరే చేతులెత్తేస్తుంది కాబట్టి, 12 వోల్టుల మీద నడిచే చిన్న హై ప్రెషర్ కంప్రెసర్‌ను ఇంట్లోనే ఉంచుకున్నాము. కొనాలనుకునే తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది మోటారు సత్తా గురించి, ఎన్ని నిమిషాల్లో నింపుతుందన్న దాని గురించి. విశాఖపట్నంలాంటి సముద్రతీర నగరంలో ముందు అడగవలసింది నీటి గురించి అని నా అభిప్రాయం.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ముప్పై డిగ్రీల ఉష్ణోగ్రత, ఎనభై శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 200 మిల్లీలీటర్ల సిలిండర్‌ను ఖాళీ స్థితి నుంచి 200 బార్లకు నింపాలంటే బయటి గాలి సుమారు 40 లీటర్లు కావాలి. అంటే దానితో పాటు ఒక గ్రాముకు దగ్గరగా నీరు కూడా యంత్రంలోకి వెళుతుంది. కానీ అదే ఉష్ణోగ్రత వద్ద ఆ 200 మిల్లీలీటర్ల చోటులో ఆవిరి రూపంలో నిలవగలిగిన నీరు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. మిగిలినదంతా ఎక్కడో ఒకచోట చుక్కలుగా మారక తప్పదు. ఆ చోటు కంప్రెసర్ ఫిల్టర్ కావాలా, రైఫిల్‌లో పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ కావాలా అన్నదే మన చేతిలో ఉన్న విషయం. వేసవిలో హైదరాబాదులో గాలి పొడిగా ఉంటుంది కనుక అక్కడివారికి ఈ బెడద కొంత తక్కువ. వానాకాలం వస్తే వారికీ తప్పదు.

ఇక్కడే వేడి ప్రసక్తి వస్తుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడి గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది. అరవై డిగ్రీల వద్ద గాలి మోయగలిగిన ఆవిరి, ముప్పై డిగ్రీల వద్ద మోయగలిగిన దానికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. యంత్రం కాగిపోతున్నప్పుడు ఆ ఆవిరి ఫిల్టర్‌లో ఆగకుండా దాటిపోయి, గొట్టంలోనో సిలిండర్‌లోనో చల్లబడి నీరవుతుంది. అందువల్ల యంత్రాన్ని చల్లగా నడపడం మోటారు మన్నిక కోసం మాత్రమే కాదు, నీటిని పట్టుకోవడానికి కూడా. మేము దానిని ఎండలో పెట్టము, కారు బానెట్ మీద అసలే పెట్టము. నీడలో, ఫ్యాన్ గాలి ధారాళంగా తగిలే చోట పెట్టి, కొద్దిసేపు నడిపి, ఆపి, చల్లారనిచ్చి మళ్లీ నడుపుతాము. ఆపిన ప్రతిసారీ, పేరుకున్న నీటిని, పీడనాన్ని బయటికి వదిలే బ్లీడ్ స్క్రూను మెల్లగా వదులు చేస్తే తెల్లటి తుంపర బుస్సుమని వస్తుంది. కింద పరచిన పాత గుడ్డ ఆగస్టు నెలలో చెమ్మగిల్లుతుంది, జనవరిలో దాదాపు పొడిగానే ఉంటుంది. ముఖాన్ని ఆ స్క్రూకు ఎదురుగా పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

బ్లీడ్ చేసినా మిగిలే తేమ కోసం గొట్టానికీ రైఫిల్‌కూ మధ్య దూది లేదా తేమను పీల్చే మాలిక్యులర్ సీవ్ గుళికల ఫిల్టర్ ఉండాలి. తడిసిన దూదిని పిండి మళ్లీ పెట్టే పొదుపు నాకు నచ్చదు. తేమ పీల్చి రంగు మారిన సిలికా జెల్ గుళికలను ఓవెన్‌లో ఆరబెట్టి తిరిగి వాడుకోవచ్చు గానీ, మాలిక్యులర్ సీవ్‌కు అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి కాబట్టి కొత్తవి వేసుకోవడమే తేలిక.

నూనె విషయంలో పొరపాటుకు చోటివ్వకూడదు. మాది నూనె అవసరం లేని రకం. దానిలో పిస్టన్ కదిలే సిలిండర్ గోడలకు నూనె రాస్తే మేలు కంటే కీడే ఎక్కువ. బకెట్ నీటితో చల్లబరిచే పెద్ద రకాలకు మాత్రం తయారీదారు చెప్పిన కంప్రెసర్ ఆయిలే పోయాలి. బండి ఇంజిన్ ఆయిల్ పోస్తే, ఆ పీడనంలో, ఆ వేడిలో దాని ఆవిరి డీజిల్ ఇంజిన్‌లో మాదిరిగా అంటుకోవచ్చు. నూనె పాలలా తెల్లబడితే నీరు కలిసిందని అర్థం, వెంటనే మార్చాలి. ఆక్సిజన్ సిలిండర్ నుంచి రైఫిల్ నింపవచ్చా అని ఒకాయన అడిగారు. కొద్దిపాటి గ్రీజు ఉన్నా పేలుడు జరగవచ్చు, ఆ ఆలోచనే వద్దు.

యంత్రంలో అరిగేవి ముఖ్యంగా, గాలిని ఎక్కువ పీడనానికి నొక్కే రెండో దశ పిస్టన్ రింగు, గాలి లీకు కాకుండా ఆపే ఓ-రింగులు. అవి ఎప్పుడు పోతాయో తెలుసుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా సులువు. ఒకే సిలిండర్ 100 బార్ల నుంచి 200 బార్లకు చేరడానికి పట్టే సమయాన్ని చిన్న పుస్తకంలో రాస్తాను. వోల్టేజీ సరిగ్గానే ఉండి ఆ సమయం పెరుగుతూ పోతే రింగు అరిగినట్టు. వోల్టేజీ సంగతి ముందు ఎందుకు చూడాలంటే, సన్నటి, పొడవాటి వైరుతో బ్యాటరీకి కలిపితే యంత్రం బాగున్నా నీరసంగానే తిరుగుతుంది. జాయింట్ల దగ్గర లీకు అనుమానం ఉంటే సబ్బునీళ్లు చాలు. బుడగ కనిపించగానే స్పానర్ అందుకోకుండా, పీడనం మొత్తం వదిలాకే బిగించాలి. పీడనం హద్దు మీరినప్పుడు తానే చిరిగి గాలిని వదిలేసే రేకు (బర్స్ట్ డిస్క్) చిరిగితే అదే రేటింగ్ ఉన్నది వేయాలి. దాని స్థానంలో మందపాటి రేకు పెట్టడమంటే రక్షణను తీసేసినట్టే.

గేజ్ 200 చూపించగానే రైఫిల్ నిండిందనుకోకూడదు. సిలిండర్ నలభై అయిదు డిగ్రీలకు వేడెక్కి ఉంటే, గది ఉష్ణోగ్రతకు చల్లారేసరికి అది సుమారు 190కి దిగుతుంది. తగ్గుతుంది కదా అని ముందుగానే 200 దాటించడం తప్పు. చల్లారాక ఇంకొంచెం ఎక్కించుకోవాలి. పని ముగిశాక గొట్టం విప్పి, ఖాళీగా ఒక నిమిషం తిప్పి, బ్లీడ్ స్క్రూ తెరిచే ఉంచి, యంత్రం పూర్తిగా చల్లారాకే పెట్టెలో పెడతాము.

సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీని కూడా ప్రతిసారీ చూస్తాను. గడువులోపు సిలిండర్ వాడే బాధ్యతను పోటీ నియమాలు క్రీడాకారుల మీదే పెట్టాయి. గడువు దాటినదాన్ని ఎంత దగ్గరివారు తెచ్చినా నేను నింపను.