వెంగర్ చాకు: ఆగిపోయిన స్విస్ వరుస, మన ఉప్పుగాలి

ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ళ ఇళ్ళు విశాఖలో తక్కువేం లేవు. అలాంటి ఇంట్లో బీరువా సొరుగు లాగితే బ్లేడు, కత్తెర, డబ్బా ఓపెనర్ అన్నీ పిడిలోకి మడిచిపెట్టే ఎర్రపిడి స్విస్ చాకు కనబడటం వింత కాదు. చూడగానే "విక్టోరినాక్స్" కంపెనీది అనేస్తాం. కానీ పిడి మీది సిలువ చుట్టూ ఉన్న గీత చూడాలి. డాలు ఆకారమైతే విక్టోరినాక్సు, మూలలు గుండ్రంగా తిరిగిన చదరమైతే దాని పోటీ కంపెనీ వెంగర్. అనుమానం తీరకపోతే పెద్ద బ్లేడు మొదలు దగ్గర అచ్చు వేసిన పేరు చదవండి. ఏ పేరూ లేకుండా సిలువ మాత్రమే ఉంటే అది నకలు కావచ్చు.

స్విస్ సైన్యం 1891లో అందుకున్న తొలి 15,000 చాకులు నిజానికి జర్మనీలోని జోలింగెన్‌లో తయారయ్యాయి. అది నచ్చక స్విట్జర్లాండులో జర్మన్ మాట్లాడే ష్విట్స్ ప్రాంతంలోని కార్ల్ ఎల్జెనర్ ఆ పని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన కంపెనీయే తర్వాత విక్టోరినాక్స్ అయింది. 1893లో ఫ్రెంచి మాట్లాడే జురా వైపు ఇంకో కంపెనీ మొదలైంది, అదే డెలెమాంట్ ఊరి వెంగర్. జర్మన్ వైపు ఒకరు, ఫ్రెంచి వైపు ఒకరు. ఎవరికిచ్చినా రెండోవాళ్ళకు కోపం కాబట్టి 1908లో ప్రభుత్వం ఆర్డరును సగం సగం పంచేసింది. విక్టోరినాక్స్ తనది "ఒరిజినల్" అని రాసుకుంటే, వెంగర్ తనది "జెన్యూయిన్" అని రాసుకుంది. మన చెవికి రెండూ ఒకటే మాట.

2001 సెప్టెంబరు 11 తర్వాత విమానాల్లోకి చాకులు రానివ్వకపోవడంతో విమానాశ్రయాల్లో అమ్మకాలు పడిపోయాయి. 2005లో విక్టోరినాక్స్ వెంగర్‌ను కొనేసింది. 2013లో వెంగర్ పేరుతో చాకులు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. గడియారాలకీ, బ్యాగులకీ మాత్రం ఆ పేరు మిగిలింది. మధ్యలో 87 పనిముట్లతో 141 పనులు చేసే "జెయింట్" అని ఒకటి తెచ్చారు. కిలో పైచిలుకు బరువు, ఏ జేబులోనూ పట్టదు. దాన్ని చూసి వెంగర్‌ను అంచనా వేయకండి.

వెంగర్ పనితనమంతా కత్తెరలో ఉంది. విక్టోరినాక్స్ కత్తెర రెండు కాళ్ళ మధ్య సన్నటి రేకు స్ప్రింగు ఉంటుంది. ముందుగా విరిగేది, జారిపోయేది అదే. వెంగర్‌లో ఆ రేకే లేదు. కత్తెర రెండో కాలు చాకు వీపు స్ప్రింగు మీదే ఆనుకుని, నొక్కి వదలగానే తిరిగి లేస్తుంది. అంచులకు సన్నటి పళ్ళు ఉంటాయి కాబట్టి దారం జారిపోకుండా తెగుతుంది. ఆ అంచును సానరాయి మీద పెట్టారంటే పళ్ళు అరిగి కత్తెర మామూలుదైపోతుంది. డబ్బా ఓపెనర్ తీరూ వేరే: విక్టోరినాక్సును ముందుకు కదుపుతూ కోయాలి, వెంగర్‌ను వెనక్కి. ఇది తెలియక ముందుకు తోసి, మొద్దుబారిందని వదిలేసేవాళ్ళు ఎక్కువ.

పాతది కొనేటప్పుడు పిడి పగిలిందా అని ముందు చూడండి. మామూలు వెంగర్ 85 మిల్లీమీటర్లు, విక్టోరినాక్స్ చాకుల్లో 84వి, 91వి ఉన్నాయి. 84కీ 85కీ ఒక్క మిల్లీమీటరే కదా అనుకోవద్దు, విక్టోరినాక్స్ పిడి వెంగర్‌కు కూర్చోదు. పొరల్ని కలిపి పట్టే ఇత్తడి రివిట్లు ఊడదీస్తే మళ్ళీ అంత బిగువుగా కొట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. కాబట్టి బ్లేడు తెరిచి పక్కకి ఊపినప్పుడు లొడలొడలాడితే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

ఇక ఉప్పుగాలి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టనిది కాదు, ఆలస్యంగా పట్టేది. ఉప్పు ముందు కీళ్ళలో చేరి బ్లేడు మొదట్లో చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. పొరల మధ్య అల్యూమినియం రేకుల మీద తెల్లపొడి, ఇత్తడి మీద పచ్చటి చిలుము కనిపిస్తాయి. ట్వీజరు, పళ్ళపుల్ల తీసి పక్కన పెట్టి, పనిముట్లన్నీ సగం తెరిచి, గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి పది నిమిషాలు నానబెట్టండి. మరిగే నీళ్ళు పిడి ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి. నీళ్ళలోనే తెరిచి మూస్తూ పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి. చింతపండుతో తోమకండి. దాని పులుపు అల్యూమినియాన్ని తింటుంది.

ఆరాక ఒక్కో కీలుకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, ఇరవైసార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన నల్లటి మడ్డిని గుడ్డతో తుడిచేయాలి. పండ్లు కోసే బ్లేడుకైతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ మేలు. కొబ్బరినూనె వద్దు. ఇరవైనాలుగు డిగ్రీల కిందికి దిగితే అది గడ్డకడుతుంది. జనవరి ఉదయం చాకు తెరుచుకోలేదంటే చాలాసార్లు కారణం అదే.

సైకిలు మీద వచ్చే సానవాడికి ఇవ్వొద్దు. ఆ చక్రం వేడికి అంచు నీలంగా మారిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. వెయ్యి నంబరు సానరాయి తడిపి, బ్లేడు వీపు కింద రూపాయి బిళ్ళలు రెండు పట్టేంత ఎత్తు ఉంచి, అటు పది ఇటు పది, బలం పెట్టకుండా లాగితే చాలు.

దాచడానికి తోలు సంచి పనికిరాదు, అది తడి పీల్చుకుని చాకును పట్టుకుని కూర్చుంటుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. విమానం ఎక్కేటప్పుడు మాత్రం చెక్-ఇన్ పెట్టెలోకి మార్చండి. చేతిసంచిలో ఉంటే తనిఖీ దగ్గరే ఆగిపోతుంది.