డాబా తోటకి ఒకే మల్టీటూల్: వేసవి నుంచి తుఫాన్ల దాకా

మడత మల్టీటూల్ ఒకటి కొన్నాను. విశాఖలో మా డాబా తోట పనికి, సైకిలుకి, ఇంట్లో చిల్లర రిపేర్లకి అదొక్కటే పెట్టుకుంటే ఎంతవరకు లాగుతుందో చూద్దామని ఈ లాగ్ మొదలుపెట్టాను. పెద్ద టూల్‌బాక్సు మెట్ల కింద అలాగే ఉంది. ఏ పనికి మెట్లు దిగి దాన్ని తెరవాల్సి వచ్చిందో రాసుకోవడమే ఇక్కడ నా లెక్క.

నా దగ్గరున్నది మధ్యలో ప్లేయర్ ఉండి, రెండు పిడులూ వెనక్కి విప్పే రకం. మడిస్తే 10 సెంటీమీటర్లు. వంటింటి త్రాసు మీద 240 గ్రాముల దగ్గర ఆగింది. చాకు 7 సెంటీమీటర్ల పైచిలుకు. రంపం, చిన్న కత్తెర, ఆకురాయి, ప్లస్సూ మైనస్సూ స్క్రూడ్రైవర్లు, సీసా మూత తీసేది ఉన్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఒక బ్రాండుకి మార్కులు వేయడం నా పని కాదు, ఈ రకం మొత్తానికి ఉండే మంచీ చెడూ చెప్పడమే పని.

ఏప్రిల్

ముందు జేబు గొడవ. దీన్ని జేబులో పెట్టుకునే సాధనం అంటారు గానీ, అలా అన్నవాళ్లెవరూ ఆడవాళ్ల కుర్తాలు చూసినట్టు లేదు. దర్జీ చేత ప్రత్యేకంగా జేబు కుట్టించుకున్నా, 240 గ్రాముల ఇనుము వేస్తే ఆ పక్కకి కుర్తా మొత్తం జారిపోతుంది. దాంతోపాటు ఇచ్చిన సంచీ బెల్టుకి తగిలించుకోవాలి, బెల్టు ఉంటేగా! చివరికి మందపాటి గుడ్డతో నడుముకి కట్టుకునే ఏప్రన్ ఒకటి కుట్టుకున్నాను, ముందు జేబుకి రెండు వరసల కుట్టు వేసి. తోటలో ఉన్నంతసేపూ అదే. బయటికి వెళ్తే హ్యాండ్‌బ్యాగ్. విమానం ఎక్కే రోజు మాత్రం అందులోంచి తీసి చెకిన్ సామానులో పడేయాలి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది.

ఈ నెల పనంతా డ్రిప్ పైపులే. కుండీల వరస వెంట నీళ్లు తీసుకెళ్లే 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపుని చాకుతో కోయడం హాయి. ఒకటే జాగ్రత్త, కోత నిటారుగా పడాలి. ఏటవాలుగా కోస్తే జాయినర్‌లో ఒక పక్క పైపు అందక నీళ్లు చిమ్ముతాయి. పైపుని చెక్కముక్క మీద పెట్టి, చాకుని నొక్కకుండా పైపునే దొర్లిస్తూ కోస్తే చక్కగా వస్తుంది. 4 మిల్లీమీటర్ల సన్న గొట్టాలకి కత్తెర చాలు. కనెక్టరులో బిగుసుకుపోయిన గొట్టం ముక్కల్ని ప్లేయర్ ముక్కుతో పట్టి లాగేస్తే ఇట్టే వచ్చాయి, వేళ్లతో గంటసేపు గింజుకున్నా రానివి.

లేటరల్‌కి చిల్లులు పెట్టడానికి మాత్రం ఇది పనికిరాదు. చాకు మొనతో పొడిస్తే గుండ్రటి చిల్లు పడదు, చీలిక పడుతుంది. అందులోంచి బొట్లుబొట్లుగా కారుతూనే ఉంటుంది. డ్రిప్ సామాన్ల కొట్లో దొరికే పంచ్ కావాల్సిందే. మెట్లు దిగాను.

బీర పాదుకి పందిరి వేసేటప్పుడు దీని అసలు సత్తా తెలిసింది. బైండింగ్ వైరు లాగి, రెండు మెలికలు తిప్పి, మిగిలిన కొస కత్తిరించడం మూడూ ఒకే చేత్తో, సాధనం మార్చకుండా అయిపోయాయి. ఈ జాతి పుట్టిందే ప్లేయర్ కోసం. అమెరికాలో టిమ్ లెదర్‌మన్ అనే ఆయన 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. కారూ మొండికేసేది, చవక హోటళ్లలో కుళాయిలూ కారేవి. జేబులో స్కౌట్ చాకు ఉంది గానీ ప్లేయర్ లేదు. ఇంటికెళ్లి ప్లేయర్ ఉన్న చాకు తయారుచేయడానికి కూర్చుంటే పేటెంటు 1980లో వచ్చింది, మొదటి సరుకు 1983లో అమ్ముడైంది. స్విట్జర్లాండ్ దారి వేరు. ఈబాఖ్ ఊళ్లో 1884లో కార్ఖానా పెట్టిన కార్ల్ ఎల్సెనర్ సైనికుల చాకులు చేసి, 1897లో ఆఫీసర్ల చాకుకి హక్కులు నమోదు చేయించాడు. అందులో బ్లేడే రాజు. రెండిట్లో ఏది కొనాలని అడిగేవాళ్లకి నా ప్రశ్న ఒకటే: రోజుకి ఎన్నిసార్లు కోస్తారు, ఎన్నిసార్లు పట్టి లాగుతారు?

జూన్

స్క్రూల నెల. కుక్కర్ పిడి వదులైంది, టేబుల్ ఫ్యాను జాలీ ఊడింది. రెండూ నిమిషంలో బిగించేశాను, టూల్‌బాక్సు గుర్తుకే రాలేదు. అదే ధీమాతో హాల్లో స్విచ్ ప్లేటు దగ్గరికెళ్తే పని ఆగిపోయింది. ఆ ప్లేటులో స్క్రూ లోతైన గుంటలో కూర్చుంటుంది. మన స్క్రూడ్రైవరేమో పొట్టిది, దాని వెనకే వెడల్పాటి పిడి. మొన స్క్రూని తాకకముందే పిడి ప్లేటుకి తగులుతుంది. పైగా స్క్రూడ్రైవర్ పిడికి మధ్యలో కాకుండా ఒక అంచున ఉంటుంది. తిప్పేకొద్దీ చెయ్యి చుట్టూ తిరగాలి, మొన ఊగి ప్లస్సు గాడి అరిగిపోతుంది. ఈ నిర్మాణంలో దీనికి మందు లేదు.

ఇంకో సంగతి, ఇది కరెంటుతో ఆట. పిడులు రెండూ ఉత్త లోహం, ప్లాస్టిక్ తొడుగు లేదు. ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్చు) దించకుండా, టెస్టర్‌తో చూసుకోకుండా దీంతో ఏ వైరూ ముట్టుకోకూడదు. వైరు పైపొర వలవడానికి ఇందులో గాడి ఉంది కదా అని మురిసిపోతే సరిపోదు. త్రీ పిన్ ప్లగ్గు మార్చడం లాంటిది, అంటే సాకెట్టు నుంచి పీకేసి బల్ల మీద పెట్టుకుని చేసే పనైతే సరే. గోడలో పనికి టెస్టరూ, తొడుగున్న ప్లేయరూ వేరే ఉండాలి.

సైకిలు వెనక చక్రం నట్టు వదులైందని వీధి చివర షాపులో అడుగుతూ సంచిలోంచి దీన్ని తీశాను. మెకానిక్ ఓసారి చూసి, "ప్లేయర్‌తో నట్టు పట్టకండమ్మా, మూలలు కొట్టుకుపోతే ఆనక పానా కూడా పట్టదు" అన్నాడు. నూటికి నూరుపాళ్లు నిజం. సైకిలుకి 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, 15 నంబరు పానా ఉండి తీరాలి. బ్రేకు కేబులు కూడా దీంతో కత్తిరించొద్దు. తెగుతుంది గానీ పోగులు విడిపోయి, తిరిగి గొట్టంలోకి ఎక్కవు. సైకిలు విషయంలో దీని వంతు ఒకే పని, దాంట్లో మాత్రం దీన్ని మించింది లేదు: టైరులో దిగిన తుమ్మ ముల్లు. బయటికి ఆవగింజంత మొన కనిపిస్తుంది, గోళ్లకి చిక్కదు. సన్న ముక్కు ప్లేయర్‌తో పట్టుకుని, దిగిన వాలులోనే లాగితే విరక్కుండా మొత్తం వస్తుంది.

ఆగస్టు

తుప్పు. సముద్రం దగ్గర ఉండేవాళ్లకి ఈ భాగమే ముఖ్యం.

స్టెయిన్‌లెస్ అని రాసి ఉంది కదా, తుప్పెందుకు పడుతుందని మా ఇంట్లో పెద్ద చర్చ. వంటింట్లో మంచి కంచాలు చేసే స్టీలులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. చాకు బ్లేడుకి ఆ స్టీలు పనికిరాదు, పదును నిలవదు. అందుకని కార్బన్ ఎక్కువ, క్రోమియం 13 శాతం చుట్టుపక్కల ఉండే 420 రకం ఉక్కు వాడతారు. దీన్ని కాల్చి గట్టిపరచొచ్చు. దానికి బదులుగా తుప్పుని ఆపే శక్తి కొంత వదులుకోవాలి. గాలిలో ఉప్పు క్రోమియం పైపొరని అక్కడక్కడ ఛేదిస్తుంది, ఆ సందుల్లో నారింజ రంగు చుక్కలు లేస్తాయి.

చుక్కలు ఎక్కడ లేస్తాయో చూస్తే మల్టీటూల్ బలహీనత తెలిసిపోతుంది. చాకు నున్నటి పక్కల మీద ఏమీ లేదు. రంపం పళ్ల మొదళ్లలో, వైరు కత్తిరించే చోటు కింద, పిడిలో ముడుచుకునే ప్రతి కీలు దగ్గరా ఉంది. జేబులో నూలుపోగులు, మట్టి, చెమట వెళ్లి చేరేది అక్కడే. పది పనిముట్లు ఒకే పిడిలో ఉన్నాయంటే తడి దాక్కోవడానికి పది సందులున్నట్టే. మామిడి సొన, అరటి పసరు, నిమ్మరసం తగిలిన రోజు తుడవకపోతే తెల్లారేసరికి బ్లేడు మీద నల్లమచ్చ.

నేను చేసే శుభ్రం ఇది. అన్నీ విప్పి గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో కీళ్ల దగ్గర తోముతాను. కడిగి, విదిలించి, ఫ్యాను కింద విప్పిన రెక్కలు అలాగే ఉంచి పూర్తిగా ఆరనిస్తాను. ఆరకముందు నూనె వేస్తే తడిని లోపల పెట్టి మూత వేసినట్టవుతుంది. తర్వాత ప్రతి కీలుకీ ఒక్కొక్క చుక్క కుట్టుమిషన్ నూనె. మడిచి విప్పి, మడిచి విప్పి చేస్తే లోపలి మురికి నల్లగా బయటికొస్తుంది. గుడ్డతో తుడిచి మళ్లీ చుక్క. గుడ్డ తెల్లగా ఉన్నప్పుడు ఆపేస్తాను. నూనె ఎక్కువైతే దుమ్ము అంటుకుంటుంది. పడిన చుక్కల్ని సబ్బు, బేకింగ్ సోడా ముద్దతో రుద్దితే చాలావరకు పోయాయి.

కొబ్బరినూనె వద్దు. కొన్నాళ్లకి జిగురై కీళ్లు పట్టేస్తుంది. పైగా 24 డిగ్రీల కిందికొస్తే గడ్డకడుతుంది కాబట్టి పుష్యమాసం పొద్దుట చాకు తెరుచుకోదు. తడిని తరిమే స్ప్రేలు తుప్పు వదిలించడానికి బాగానే ఉంటాయి గానీ ఎక్కువ రోజులు నిలవవు, వాటి మీద కూడా నూనె చుక్క వేయాలి. పండ్లు కోసే చాకైతే నూనె బ్లేడుకి అంటకుండా తుడిచేయండి, కుట్టుమిషన్ నూనె తినేది కాదు.

సెప్టెంబరు

పదును. ఈ ఉక్కు మెత్తటిది కాబట్టి పదును త్వరగా పోతుంది, అంతే త్వరగా వస్తుంది. కొబ్బరితాడు నాలుగు చోట్ల కోస్తే చాలు, టమోటా తొక్క మీద జారడం మొదలుపెడుతుంది. కొబ్బరిపీచు మధ్యలో ఇసుక ఉంటుంది, అదే అంచుని తింటుంది. 1000 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) సానరాయి ఒకటి కొన్నాను. ఒక్కో పక్క 20 డిగ్రీల కోణం పెట్టాలంటారు. కోణం కొలవడమెలా? బ్లేడు వెడల్పు 2 సెంటీమీటర్లయితే, వెన్ను రాయి మీద నుంచి దాదాపు 7 మిల్లీమీటర్లు లేవాలి. అంచుకి మార్కర్ పెన్నుతో నల్లగీత పూసి రెండుసార్లు రుద్ది చూస్తాను. ఇంకు కొస దాకా పోతే కోణం సరే. పైన మాత్రమే పోతే వెన్ను ఇంకాస్త లేపాలి. అవతలి పక్క వేలితో తడిమితే గరుకు తగిలేదాకా రుద్ది, పక్క మార్చి, చివర్లో తేలిగ్గా నాలుగు రుద్దులు.

చాకు అంచుకే రంపంలా పళ్లున్న మోడల్ కొనేవాళ్లు ఆలోచించుకోండి. తాడు అది బాగా కోస్తుంది, ఒప్పుకుంటాను. కానీ చదును రాయి మీద దానికి సాన పట్టలేం, గుండ్రటి సానకడ్డీతో ఒక్కొక్క పన్నూ విడిగా చేసుకోవాలి. నాకంత ఓపిక లేదు.

అక్టోబరు

గాలివాన హెచ్చరిక వచ్చిన రోజు డాబా ఖాళీ చేశాం. షేడ్‌నెట్ దించాలి, కుండీలు గోడ పక్కకి జరపాలి, మునగ కొమ్మలు కొట్టేయాలి. ఒక చేత్తో నెట్ తాడు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో చాకు తెరిచి కోశాను. పిడులు విప్పకుండానే బయటి నుంచి తెరుచుకునే చాకు ఉండటం అప్పుడు కలిసొచ్చింది. తెరిచాక లాక్ పడాలి, క్లిక్ అని వినపడాలి. లాక్ లేని మడత చాకులు చాలా ఉన్నాయి, వాటితో ఒత్తి కోస్తున్నప్పుడు బ్లేడు వేళ్ల మీదకి మడుచుకునే ప్రమాదం ఉంది. లాక్ ఉన్నవి మూసేటప్పుడూ చూసుకోవాలి, లోపలి రేకుని పక్కకి నొక్కే బొటనవేలు సరిగ్గా బ్లేడు దారిలోనే ఉంటుంది.

రంపం నన్ను ఆశ్చర్యపరిచింది. బొటనవేలు రెండింతల లావున్న పచ్చి మునగ కొమ్మ తేలిగ్గా తెగింది. మునగ ఎలాగూ మెత్తటి చెట్టే అనుకోండి. బ్లేడు పొడవు కంటే లావైన కొమ్మకి మాత్రం ప్రయత్నం దండగ. ముందుకీ వెనక్కీ రంపం ఆడటానికి చోటుండదు, పచ్చిచెక్క బిగుసుకుని పట్టేస్తుంది. వానలో నున్నటి లోహపు పిడి చేతిలో జారింది కూడా. పిడికి పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగితే పట్టు బాగానే దొరికింది గానీ, అది తీస్తే తప్ప లోపలి పనిముట్లు బయటికి రావు.

ఇప్పుడు ఏప్రన్ జేబులో దీనికి తోడుగా డ్రిప్ పంచ్ ఉంది. సైకిలు సంచిలో అలెన్ కీలు, పానా. హ్యాండ్‌బ్యాగ్‌లో 58 మిల్లీమీటర్ల బుల్లి స్విస్ చాకు, 21 గ్రాములే. పెద్దది ఇక డాబా దిగదు. వచ్చే నెల కీళ్ల దగ్గర స్క్రూలు విప్పి లోపల చూడాలి. వాటి తలలు ఆరు కోణాల టార్క్స్ రకం, సరైన బిట్ దొరికితే.