కోరీలు పైకెళ్లి గాలి మింగుతయ్

చేపల ట్యాంక్‌లోకి కోరీడోరాస్, అదే కోరీలు, వచ్చాక నేను ఫోన్ చూడటం నిజంగా తగ్గింది. రెండంగుళాల క్యాట్‌ఫిష్, దక్షిణ అమెరికా నదులది, ఒంటి మీద పొలుసులకి బదులు ఎముక పలకలు, మీసాలతో ఇసకంతా కెలుక్కుంటూ తిరిగేది ఉన్నట్టుండి సర్రున పైకెళ్లి గాలి గుటకేసి మళ్లీ కిందికొచ్చేస్తది, ఆ గాలిలో ఆక్సిజన్‌ని పేగుతోనే పీల్చుకుంటది, ఇది తెలిశాక ప్రతిసారీ కొత్తగానే చూస్తున్నా. మాటిమాటికీ పైకెళ్తుంటే మాత్రం నీళ్లు బాగున్నయో లేదో ఒకసారి చూస్కోవాలి.

పెంచేవాళ్లకి నేను చెప్పేది, కింద మెత్తటి ఇసకే వెయ్యండి, పదునైన రాళ్లుంటే మీసాలు దెబ్బతింటయ్. ఒక్కదాన్ని అస్సలు తేవద్దు, కనీసం 6 ఉంటేనే వాటికి ధైర్యం. మిగతా చేపలు వదిలేసింది తిని బతుకుతయ్ అంటారు కదా, ఆ మాట నాకు అస్సలు నచ్చదు, అడుక్కి మునిగే తిండి వాటికి విడిగా వెయ్యాల్సిందే.